నాలుగు అంగుళాల ఎడం

పాలమూరు పల్లెలలో ‘లిఫ్టు’ అనే మాట వినగానే రైతుకు ముందుగా స్ఫురించేది నీరు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో లిఫ్టు అంటే జూరాల జలాలను గుడెందొడ్డి వద్ద పైకెత్తే నెట్టెంపాడు పథకం. వనపర్తి, మక్తల్ ప్రాంతాల వారికి అది భీమా. నాగర్‌కర్నూలు, కొల్లాపూరు రైతులకు అది కల్వకుర్తి. ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అనే మూడు మెట్ల మీదుగా కృష్ణాజలం ఎగబాకి అక్కడి బీడుభూములకు చేరుతుంది. “మా చేను లిఫ్టు కింద పారుతుంది” అనే మాట ఈ మూడు జిల్లాలలో ఏ రచ్చబండ దగ్గరైనా వినవచ్చును.

అయితే అదే మాటకు ఈ పట్టణాలలో ఇప్పుడు మరొక అర్థం కూడా స్థిరపడినది. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు వేరుపడిన తరువాత ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలైనవి. కార్యాలయాలు వచ్చినవి, ఇంటి స్థలాల ధరలు పెరిగినవి. వెనుకటి మిద్దెలు పెరట్లోకి, వాకిట్లోకి వెడల్పుగా పరచుకొని ఉండేవి. నేటి ఇల్లు చిన్న స్థలంలో నిలువునా పెరుగుతున్నది. కింద దుకాణమో అద్దె వాటానో, మొదటి అంతస్తులో ఒక కొడుకు, రెండవ అంతస్తులో మరొక కొడుకు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని తల్లిదండ్రులు ఏ అంతస్తులో ఉండాలన్నది అటువంటి ఇంట పెద్ద సమస్య. ఆ సమస్యకు పరిష్కారంగానే ఇంటిలోనికి లిఫ్టు ప్రవేశించినది. ఇప్పుడు పునాది తీసేనాడే మెట్ల పక్కన లిఫ్టుకని చదరపు గుంట ఒకటి వదిలిపెట్టడం కలిగినవారి ఇళ్లలో వాడుక అవుతున్నది.

ఇంటిలో గుంట ఉండడం ఈ ప్రాంతానికి కొత్త విషయమేమీ కాదు. గద్వాల నేతకారుల ఇళ్లలో గుంటమగ్గాలు తరతరాలుగా ఉన్నవి. పాకే బిడ్డ ఉన్న ఇంట మగ్గం గుంట మీద ఒక కన్ను వేసి ఉంచాలని ఆ ఇళ్లలోని పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు. లిఫ్టు గుంట సంగతి అట్లు కాదు. అది తలుపు చాటున ఉంటుంది. దాని అపాయం కంటికి కనబడదు.

లిఫ్టు పేరు చెప్పగానే చాలామందికి కలిగే భయం ఒక్కటే. తాడు తెగితే ఏమగును? ఈ భయానికి జవాబు దొరికి నూట డెబ్బది ఏండ్లు దాటినది. ఎలీషా ఓటిస్ అనే అమెరికా దేశీయుడు 1850వ దశకం ఆరంభంలో, తాడు తెగినను కిందపడని లిఫ్టును రూపొందించెను. 1854లో న్యూయార్కు నగరపు ప్రదర్శనశాలలో తాను లిఫ్టు బల్ల మీద ఎత్తున నిలిచి, పట్టి ఉంచిన తాడును అందరి యెదుట తెగగొట్టించెను. బల్ల కొద్ది అంగుళాలు మాత్రమే జారి ఆగిపోయినది. తాడు బిగువు సడలగానే పక్కలనున్న పట్టాలలోని పళ్లకు తగులుకొనే ఉక్కు పట్టు దాని రహస్యం. 1857లో ఆ నగరంలోనే ఒక అయిదంతస్తుల దుకాణంలో ప్రయాణికుల లిఫ్టు పనిచేయనారంభించినది. నేటి లిఫ్టులలో వేగం మితిమీరినప్పుడు పట్టాలను బిగబట్టే ఏర్పాటు ఆ ఊహకు పెరిగిన రూపమే.

కాబట్టి లిఫ్టులో తాడు గురించిన భయం చాలావరకు తీరిన భయం. తీరనిది తలుపు గురించినది. లిఫ్టు ప్రమాదాల వార్తలను శ్రద్ధగా చదివినవారికి ఒక విషయం తెలియవస్తుంది. మనుషులు లిఫ్టుతోపాటు కిందపడి మరణించడం అరుదు. లిఫ్టు రాకముందే తెరుచుకొన్న తలుపులోనుండి గుంటలో పడడం, కదులుతున్న లిఫ్టుకూ గోడకూ నడుమ ఇరుక్కొనడం, ఇవే ఎక్కువ.

ఇంటి లిఫ్టుకు రెండు తలుపులుంటాయి. మొదటిది అంతస్తు గుమ్మానికి ఉండే తలుపు. ఇది పడకగది తలుపువలెనే కీళ్ల మీద తెరుచుకొంటుంది. రెండవది లిఫ్టు గదికి ఉండే తలుపు. ఇది ఇనుప కమ్మీల మడతగేటు కావచ్చు, పలకలు పలకలుగా ముడుచుకొనే తలుపు కావచ్చు. గుమ్మం తలుపు మూతపడితేనే లిఫ్టు కదిలేటట్లు, లిఫ్టు ఎదుట లేనప్పుడు ఆ తలుపు తెరుచుకోకుండునట్లు విద్యుత్తుతో పనిచేసే గొళ్లెం ఒకటి అమరుస్తారు. ఏర్పాటు బాగుగానే ఉన్నది. లోపం ఎక్కడ ఉన్నదంటే, ఈ రెండు తలుపుల నడుమ.

గుమ్మం తలుపునకూ లోపలి గేటుకూ మధ్య ఏడెనిమిది అంగుళాల ఎడం ఉన్నదనుకొందాము. పెద్దవారు అందులో నిలువలేరు. రెండు మూడేండ్ల బిడ్డ నిలువగలదు. దాగుడుమూతలాటలో పిల్లలు ఇంటిలోని ప్రతి మూలనూ వెదకి పట్టుకొంటారు. బిడ్డ గుమ్మం తలుపు తీసి ఆ ఎడంలోనికి పోతుంది. వెనుక తలుపు తనంతట తానే మూసుకొంటుంది. లోపలి గేటు అప్పటికే వేసి ఉన్నది. లిఫ్టులోని యంత్రాంగానికి తెలిసినంతవరకు రెండు తలుపులూ సక్రమంగా మూతపడినవి, అంతా క్షేమం. అదే క్షణంలో పై అంతస్తులో ఎవరో మీట నొక్కుతారు. లిఫ్టు కదులుతుంది, గొళ్లెం పడుతుంది. బయటనుండి తలుపు తెరుచుకోదు. లోపలనుండి తెరవడం బిడ్డ చేతకాదు. తరువాత జరిగేది వర్ణింపనక్కరలేదు.

ఇందులో ఏ భాగమూ చెడిపోలేదన్న సంగతి గమనింపదగినది. తాడు గట్టిగానే ఉన్నది, గొళ్లెం సరిగానే పడినది, మోటారు చెప్పినట్లు తిరిగినది. యంత్రం తన పని తాను తప్పు లేకుండా చేసినందువల్లనే ప్రాణం పోయినది. ఈ కారణం చేతనే అటువంటి ప్రమాదాలను చాలాకాలం ‘పిల్లవాని ఆకతాయితనం’ అనో ‘తల్లిదండ్రుల ఏమరుపాటు’ అనో రాసి ముగించినారు. లోపం యంత్రంలో కాక కొలతలో ఉండవచ్చునన్న ఆలోచన ఆలస్యంగా బలపడినది.

ఈ కథ ముఖ్యంగా నడిచినది అమెరికాలో. అక్కడ మూడంతస్తుల ఇళ్లలోను, సముద్రతీరాన సెలవులకు అద్దెకిచ్చే విడిది ఇళ్లలోను లిఫ్టులు విస్తారం. మన ప్రాంతాలనుండి పిల్లల దగ్గరకు వెళ్లి నెలల తరబడి ఉండి వచ్చే తల్లిదండ్రులలోను కొందరు అటువంటి ఇళ్లను చూచియే ఉంటారు. ఆ దేశపు లిఫ్టు ప్రమాణాలు రెండు తలుపుల నడుమ అయిదు అంగుళాల వరకు ఎడాన్ని చాలాకాలం అనుమతించినవి. అయిదు అంగుళాలలో బిడ్డ పట్టదని పెద్దల ఊహ. పలకల తలుపు మెత్తగా లోపలికి వంగుతుందనీ, మడతల సందులు అదనపు చోటు ఇస్తాయనీ ఆ ఊహలో పూర్తిగా లెక్కకు రాలేదు. పిమ్మట ప్రమాణాన్ని సవరించి, ఎడం నాలుగు అంగుళాలకు మించరాదనీ, గుమ్మం తలుపు గడప అంచునుండి ముప్పాతిక అంగుళానికి మించి వెనుకకు ఉండరాదనీ నిర్ణయించినారు. కాని సవరించిన ప్రమాణం కొత్తగా అమర్చేవాటికే వర్తిస్తుంది. అప్పటికే ఇళ్లలో ఉన్న వేలాది లిఫ్టుల మాట ఏమి?

అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతను చూడడానికి 1972 నాటి చట్టం ద్వారా ఏర్పడిన ఒక కమిషన్ ఉన్నది. ఒక వస్తువు వల్ల గట్టి అపాయం కలుగగలదని తయారీదారునకు తెలిసినచో ఇరువది నాలుగు గంటలలో ఆ సంగతిని కమిషన్‌కు తెలుపుట అక్కడ విధి. 2019లో ఆ కమిషన్ రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాసి ఇంటి లిఫ్టుల ఎడం గురించి హెచ్చరించినది. 2021 జులైలో థిసెన్‌క్రుప్ అనుబంధ సంస్థ ఒకదానిపై ఫిర్యాదు దాఖలు చేసినది. ఆ సంస్థ లిఫ్టులున్న ఇళ్లలో 2010లో మూడేండ్ల బిడ్డ ఒకడు శాశ్వతంగా వికలాంగుడైన ఘటనను, 2017లో రెండేండ్ల బిడ్డ మరణించిన ఘటనను ఆ ఫిర్యాదులో పేర్కొన్నది.

సంస్థ వాదన కూడా తెలుసుకొనదగినది. లిఫ్టు గదిని తాము తయారుచేసినాము, గుమ్మం తలుపును తాము తయారుచేయలేదు. దానిని బిగించినది ఇల్లు కట్టినవారు, అమర్చినది స్థానిక వ్యాపారులు. ఎడం ఎంత ఉండవలెనో కాగితాలలో చెప్పియే ఉన్నాము. పైగా ఇంటి లిఫ్టుల వ్యాపారాన్ని 2012లోనే మానుకొన్నాము. ఈ వాదనలో బొత్తిగా పస లేదని చెప్పజాలము. కారు కర్మాగారంలో పూర్తిగా తయారై బయటికి వస్తుంది. లిఫ్టు అట్లు కాదు. దానిలో సగం కర్మాగారంలోను, సగం గోడల మధ్యను తయారవుతుంది. ఎడం అనేది ఏ ఒక్కరూ తయారుచేసిన వస్తువు కాదు, ఇద్దరి పనుల నడుమ మిగిలిపోయిన ఖాళీ. ఖాళీకి యజమాని ఎవరు? అయినను, ఆ రెండు పనులూ కలిసే చోట ఏమి జరుగగలదో ముందుగా తెలిసిన పక్షం తయారీదారుదే. ఇల్లు కట్టిన మేస్త్రీ జీవితంలో ఒకటి రెండు లిఫ్టులకు తలుపులు పెట్టి ఉండును, తయారీదారు వేలకొలది చూచినాడు. ఎక్కువ తెలిసినవాడే ఎక్కువ బాధ్యుడు అన్న న్యాయం ఇక్కడ తప్పక వర్తిస్తుంది.

ఫిర్యాదు దాఖలైన నెలలోనే మరొక ఘోరం జరిగినది. నార్త్ కరోలినా రాష్ట్ర సముద్రతీరాన అద్దె విడిదిలో సెలవులు గడపవచ్చిన ఒక కుటుంబంలోని ఏడేండ్ల బాలుడు ఇదే తీరున మరణించినాడు. వచ్చే నెలలోనే కమిషన్, విడిది ఇళ్లను అద్దెకు కుదిర్చే పెద్ద సంస్థలకు లేఖలు రాసి, ఎడం సరిచేసే వరకు అటువంటి ఇళ్లలో లిఫ్టులను నిలిపివేయించవలెనని కోరినది. 2022 జనవరిలో బెల్లా ఎలివేటర్, ఇంక్లినేటర్, సవారియా అనే మూడు సంస్థలు కమిషన్‌తో కలిసి సుమారు 69,000 ఇంటి లిఫ్టులకు రీకాల్ ప్రకటించినవి. థిసెన్‌క్రుప్ అనుబంధ సంస్థ కూడా అదే సంవత్సరం కమిషన్‌తో ఒడంబడికకు వచ్చి, తన పాత లిఫ్టులను సరిచేయడానికి అంగీకరించినది. నార్త్ కరోలినా శాసనసభ చట్టం చేసి, అద్దె విడిదుల యజమానులు 2022 అక్టోబరు 1 నాటికి ఎడాన్ని సరిచేయవలెనని గడువు పెట్టినది.

రీకాల్ అనే మాటను ఇక్కడ కొంచెం విడమరచవలసి ఉన్నది. రీకాల్ అనగా అమ్మిన వస్తువును వెనుకకు పిలుచుట. అనుమానమున్న మందు సీసాలను దుకాణాలనుండి తిరిగి తెప్పించుట దీనిలో సులభమైన పద్ధతి. కార్ల విషయంలో యజమానికి కబురు పంపితే, అతడే బండిని తీసుకొని వచ్చి లోపమున్న భాగాన్ని మార్పించుకొని పోతాడు. లిఫ్టు ఇంటిని విడిచి రాలేదు. కాబట్టి ఇక్కడ పిలుపు తిరగబడుతుంది, వస్తువు కర్మాగారానికి పోవడానికి బదులు కర్మాగారమే ఇంటికి రావలెను. పై రీకాల్‌లో జరిగినది అదియే. యజమాని తన లిఫ్టు ఎడాన్ని కొలిచి సంస్థకు తెలుపుతాడు. కొలత మించినదైతే, గుమ్మం తలుపు లోపలివైపున బిగించడానికి ‘స్పేస్ గార్డు’ అనే అడ్డుపలకను సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఎడంలో బిడ్డ నిలిచే చోటును ఆ పలక నింపివేస్తుంది. ఇన్ని ప్రాణాలు తీసిన లోపానికి పరిష్కారం ఒక పలకముక్క కావడం ఎవరికైనను బాధ కలిగించే విషయమే.

ఇంటి లిఫ్టుల రీకాళ్లన్నీ ఎడం గురించినవే కావు. 2018లో వౌపాకా అనే సంస్థ తన లిఫ్టులు ఉన్నట్టుండి కిందికి జారే అవకాశమున్నదని రీకాల్ ప్రకటించినది. అది యంత్రలోపం, వేరు కథ.

భారతదేశంలో రీకాల్ అనే భావన ముందుగా వాహనాలతో పరిచయమైనది. వాహన తయారీదారుల సంఘం 2012లో స్వచ్ఛంద రీకాల్ పద్ధతిని మొదలుపెట్టగా, 2019లో మోటారు వాహనాల చట్టానికి జరిగిన సవరణ దానికి శాసనబలాన్ని చేకూర్చినది. అదే సంవత్సరం వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం మరింత విస్తృతమైనది. ఆ చట్టం కింద 2020 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడినది. అపాయకరమైన వస్తువులను వెనుకకు రప్పించవలెనని ఆదేశించే అధికారం చట్టంలోని 20వ విభాగం దానికి ఇచ్చినది. వస్తులోపం వల్ల హాని కలిగినప్పుడు తయారీదారుడు, అమ్మకందారుడు, సేవ చేసినవాడు నష్టపరిహారం చెల్లించవలసిన సందర్భాలను కూడా ఆ చట్టం ఒక ప్రత్యేకాధ్యాయంలో వివరించినది. ఫిర్యాదులకు 1915 అనే ఫోను నంబరు ఉన్నది.

ఈ అధికారం మన వంటింటిలోని ఒక వస్తువు మీద ప్రయోగింపబడినది. ప్రెషర్ కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయిన తరువాత కూడా ముద్ర లేనివి అంగడికి వస్తూనే ఉన్నవి. 2022లో ప్రాధికార సంస్థ, అటువంటి కుక్కర్లు అమెజాన్ ద్వారా 2,265, ఫ్లిప్‌కార్ట్ ద్వారా 598 అమ్ముడుపోయినట్లు తేల్చి, కొన్నవారికి తెలియజేసి వాటిని వెనుకకు తీసుకొని డబ్బు తిరిగి ఇవ్వవలెనని ఆదేశించినది. ఆ సంస్థలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినవి. వాదోపవాదాల మాట ఎట్లున్నను, కొన్నవారికి ఆ సంగతిని తెలియజేయవలసిందేనని కోర్టు నిలిచినది. ఇక్కడ ఆ అంకెల కచ్చితత్వాన్ని చూడవలెను. ‘సుమారు రెండు వేలు’ కాదు, 2,265. ఏ కుక్కరు ఏ వీధిలోని ఏ ఇంటికి చేరినదో అమ్మినవాని దగ్గర లెక్క ఉన్నది గనుకనే ఆ ఆదేశం సాధ్యమైనది.

ఇంటి లిఫ్టు విషయంలో ఆ లెక్క ఎవరి దగ్గర ఉన్నది? పెద్ద సంస్థ లిఫ్టును నేరుగా అమర్చినచోట ఒక సంఖ్య, ఒక ఒప్పందపత్రం, ఏటేటా సేవకై వచ్చే మనిషి ఉంటారు. చిన్న పట్టణాలలో అన్ని లిఫ్టులూ అట్టివి కావు. మోటారు ఒకచోటిది, మీటల పెట్టె మరొకచోటిది, లిఫ్టు గది స్థానికంగా వెల్డింగు చేసినది, గేటు ఇంకొకరిది. వీటన్నిటినీ తెచ్చి కూర్చి నడిపించి పోయే గుత్తేదారు కొన్నేండ్లకు ఆ వ్యాపారమే మానవచ్చును. రేపు ఆ గొళ్లెంలోనో ఆ గేటులోనో లోపమున్నదని ఎక్కడో తేలినచో, గద్వాలలోని ఒక వీధిలో ఉన్న ఆ ఇంటికి ఆ కబురు చేరే దారి లేదు. పిలిచేవాడు ఎవరో, పిలువవలసినది ఎవరినో తెలియనప్పుడు రీకాల్ అనే మాటకు అర్థమే ఉండదు.

తెలంగాణలో 2025వ సంవత్సరం ఆరంభం ఈ విషయంలో కఠినమైన పాఠం నేర్పినది. ఫిబ్రవరిలో హైదరాబాదు మాసబ్‌ట్యాంకు సమీపాన ఒక అపార్టుమెంటులో ఆరేండ్ల బాలుడు లిఫ్టుకూ గోడకూ నడుమ చిక్కుకొన్నాడు. విపత్తు సహాయక సిబ్బంది, అగ్నిమాపక దళం ఇనుమును కోసి బయటికి తీసినారు గాని, మరునాడు నిలోఫర్ ఆసుపత్రిలో ఆ బాలుడు కన్నుమూసినాడు. మార్చిలో సిరిసిల్లలో ఒక సీనియర్ పోలీసు అధికారి, లిఫ్టు వచ్చినదనుకొని తెరిచిన తలుపులోనుండి అడుగు వేసి పడిపోయి మరణించినాడు. ఆ వారంలోనే మెహిదీపట్నం ప్రాంతంలోని ఒక హాస్టలు భవనంలో కాపలాదారుని చిన్న కొడుకు లిఫ్టులో చిక్కుకొని ప్రాణం కోల్పోయినాడు. ఇవి ఇంటి లిఫ్టులు కావు, నలుగురూ వాడే భవనాలవి. కాని మూడింటిలోను తాడు తెగలేదు. పిల్లలిద్దరి మరణంలోను ఒక ఎడం ఉన్నది, అధికారి మరణంలో తెరుచుకోరానప్పుడు తెరుచుకొన్న తలుపు ఉన్నది.

బొంబాయిలో 1939లోనే లిఫ్టులకు చట్టం ఉన్నది. తమిళనాడు 1997లో, కర్ణాటక 2012లో, కేరళ 2013లో, ఉత్తరప్రదేశ్ 2024లో లిఫ్టులకై ప్రత్యేక చట్టాలు చేసినవి. 2025 మార్చిలో పై ఘటనలు జరిగిన నాటికి తెలంగాణలో అటువంటి చట్టం లేదు. ముసాయిదా మాత్రం చర్చలో ఉండినది. చట్టం ఉన్నచోట లిఫ్టు అమర్చడానికి ముందు అనుమతి, నడపడానికి లైసెన్సు, ఎప్పటికప్పుడు తనిఖీ ఉంటాయి. వీటికి లంచగొండితనం, ఆలస్యం అంటవని ఎవరూ చెప్పలేరు. అయినను లైసెన్సు పుస్తకంలో ప్రతి లిఫ్టుకూ ఒక వరుససంఖ్య, ఒక చిరునామా చేరుతాయి. అది వట్టి గుమాస్తాపనిగా కనబడవచ్చు. రీకాల్‌కు మాత్రం అదే ప్రాణాధారం.

భారతీయ ప్రమాణాల సంస్థ లిఫ్టులకు విస్తృతమైన ప్రమాణాలను ప్రకటించి ఉన్నది. కాని నాగర్‌కర్నూలులో ఇల్లు కట్టే ఉపాధ్యాయుడో వనపర్తిలోని వ్యాపారో వాటిని తెప్పించి చదువుతాడని ఆశించరాదు. అతడు అడిగేవి వేరు. ఎంతమంది పడతారు? కరెంటు పోతే నడుమ ఆగదు గదా? బిల్లు ఎంత వస్తుంది? అద్దం ఏ గోడకు? ఇవి న్యాయమైన ప్రశ్నలే. కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే బ్యాటరీ ఏర్పాటు గురించి అమ్మేవాడు కూడా ఉత్సాహంగా చెబుతాడు. ఎడం గురించి మాత్రం ఇరువురూ మాట్లాడరు.

ఆ ఎడం పుట్టే క్షణం ఏదో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. లిఫ్టు ఇంటికి రాకముందే అది పుడుతుంది. గుంట చుట్టూ కట్టేది సాధారణంగా తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. గుమ్మానికి చౌకట్టు నిలిపేటప్పుడు మేస్త్రీ దానిని వసారా వైపు అంచుకు సరిపెడతాడు. మిగిలిన గదుల దర్వాజలతో వరుస కలవవలెను, చూపునకు ఇంపుగా ఉండవలెను. తలుపు మందం పోగా గోడలో మిగిలిన మందమంతా ఇక లిఫ్టు వైపున ఖాళీగా ఉండిపోతుంది. తరువాత వచ్చే లిఫ్టు గది గోడకు తగులకుండా మరికొంత సందు వదులుతుంది. ఈ రెండూ కలిసి బిడ్డ నిలువగల చోటు అవుతుంది. అదే చౌకట్టును లోపలి అంచుకు, అనగా గుంట వైపునకు జరిపి నిలిపినచో, ఆ ఖాళీ వసారా వైపునకు వస్తుంది, అక్కడ దానివల్ల ఎవరికీ హాని లేదు. సిమెంటులో తేడా లేదు, కూలిలో తేడా లేదు. కట్టడం ముగిసిన తరువాత మాత్రం దానిని మార్చడానికి గోడ పగులగొట్టవలెను, లేక తలుపు వెనుక అడ్డుపలక బిగించవలెను. ఆ పలకను సైతం గుమ్మం తలుపు భారం, గొళ్లెం తీరు తెలిసిన లిఫ్టు పనివారే బిగించవలెను.

కట్టి ముగించిన ఇంటిలో ఎడాన్ని చూచుకొనుటకు బడిపిల్లల కొలతబద్ద చాలును. లిఫ్టు ఆ అంతస్తులోనే నిలిచి ఉండగా కరెంటు ఆపి, లోపలి గేటు వేసి, గుమ్మం తలుపును ఓరగా మూసి, తలుపు లోపలి ముఖం నుండి గేటులో మిక్కిలి లోతుగా ఉన్న మడత వరకు కొలవవలెను. కమ్మీల గేటు అయితే కమ్మీ దగ్గర కాదు, కమ్మీల సందులోనుండి చేయి ఎంతవరకు పోవునో అంతవరకు. ప్రతి అంతస్తులోను విడిగా కొలవవలెను, ఏలయనగా గోడ ఏ రెండు అంతస్తులలోను ఒకే తీరున లేవదు. కింది అంతస్తులో మూడు అంగుళాలున్న ఎడం, ఇసుక కొరత నాళ్లలో తొందరగా లేపిన పై అంతస్తులో ఆరు కావచ్చును.